జేజి పోయాక ఆరు గంటలు

ఏప్రిల్ నెల. పొద్దున ఐదూ ఇరవై. మా జేజి ఊపిరి ఆగిపోయింది.

జేజి అంటే మా నాయన వాళ్లమ్మ. ఎనభై దాటిన మనిషి. వారం నుంచి మంచంలోనే ఉంది. బెంగళూరులో ఆఫీసుకి లీవు పెట్టి నేను ఊరికొచ్చి నాలుగు రోజులైంది. మా ఊరు కళ్యాణదుర్గం వైపు. ఎర్రమట్టి, కంప చెట్లు, వానొస్తే వేరుశనక్కాయ, రాకుంటే అప్పు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా అని స్కూల్లో చదువుకున్నాం. ఆ సగటు కూడా చాలా ఏళ్లు పుస్తకంలోనే ఉండిపోతుంది.

ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. నేను మాత్రం ఫోన్లో టైము చూసుకున్నా. మీకు తప్పనిపించొచ్చు. కానీ నాకు ఆరు గంటలే ఉన్నాయి. అంటే పదకొండూ ఇరవై లోపల జేజి చెప్పిన పని ఒకటి అయిపోవాలి.

ఆరేళ్ల కింద జేజికి రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పిన రోజు వాకిట్లో కూర్చుని, చాటలో విత్తనాల్లోంచి పుచ్చువి ఏరి పారేసింది. మధ్యాహ్నానికి నన్ను పిలిచి, "రేయ్, నేను పోయినాక ఈ కండ్లు ఎవురికన్నా ఇచ్చేయండి. మన్నులో పెట్టొద్దు" అంది. నేను సరేనన్నా.

అలాంటి 'సరే' ఒకటి అంతకుముందు కూడా అన్నాను, జేజినాయనతో. ఆయన పోయిన రోజు చుట్టాలకు ఫోన్లు, టెంటు, ఐస్ బాక్సు హడావిడిలో పడిపోయి, కళ్ల బ్యాంకుకి ఫోన్ చేసేసరికి తొమ్మిది గంటలు గడిచిపోయాయి. "సారీ అండీ, టైము దాటిపోయింది" అన్నారు అవతలివాళ్లు. తప్పు వాళ్లది కాదు, నాది. ఈసారి అలా జరగకూడదు.

చావు స్విచ్ కాదు

మనం అనుకుంటాం, చావంటే లైటు ఆర్పినట్టు అని. టక్కున ఆరిపోతుంది, అంతా చీకటి అని. శరీరం లోపల జరిగేది అది కాదు. పండగ అయిపోయాక ఊళ్లో అంగళ్లు ఒక్కొక్కటే మూసేసినట్టు జరుగుతుంది.

గుండె ఆగగానే రక్తం ఆగుతుంది, రక్తంతో పాటు ఆక్సిజన్ ఆగుతుంది. అందరికన్నా ముందు తట్టుకోలేనిది మెదడు. మామూలు పరిస్థితుల్లో నాలుగైదు నిమిషాలు ఆక్సిజన్ లేకపోతే దాని కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. కాలేయం, కిడ్నీల లాంటివి ఇంకొంచెం ఓర్చుకుంటాయి. చర్మం కణాలైతే గంటల తరబడి బతికే ఉంటాయి.

అన్నిటికన్నా విచిత్రం కంటిది. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పల్చటి పొర ఉంటుంది కదా, దాన్ని కార్నియా అంటారు. అందులో రక్తనాళాలే ఉండవు. ఉంటే వెలుతురు లోపలికి పోదు. మరి దానికి ఆక్సిజన్ ఎలా? మనం కళ్లు తెరిచినప్పుడల్లా నేరుగా గాల్లోంచే తీసుకుంటుంది. అందుకే గుండె ఆగినా అది వెంటనే చావదు. ఇంకొకరికి పెట్టడానికి పనికొచ్చేలా తీసుకోవాలంటే సుమారు ఆరు గంటల సమయం ఉంటుంది. ఎండాకాలం అయితే ఎంత తొందరగా తీస్తే అంత మంచిది.

శుక్లాల ఆపరేషన్ అయినా పర్వాలేదు. ఆ ఆపరేషన్లో మార్చేది లోపలి కటకాన్ని, పైనున్న కార్నియాని కాదు. వయసు అడ్డం కాదు, కళ్లజోడూ అడ్డం కాదు. రేబిస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటివి ఉంటే మాత్రం తీసుకోరు.

ఈ ఆపరేషన్ కొత్తదేమీ కాదు. 1905 డిసెంబర్ 7న, ఇప్పుడు చెక్ రిపబ్లిక్‌లో ఉన్న ఓలోమౌట్స్ ఊళ్లో, ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టర్ మొదటిసారి కార్నియా మార్చి చూపు తెప్పించాడు. ఆ రోగి సున్నం పడి కళ్లు పోగొట్టుకున్న ఒక కూలీ.

మా అత్తకు తెలిసిన సైన్సు

ఫోన్ చేశాను. టౌన్ నుంచి మనుషులు బయల్దేరతామన్నారు. "ఫ్యాన్ ఆపేయండి. కళ్లు మూసి రెప్పల మీద తడి దూది పెట్టండి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచండి. డాక్టర్‌తో చావు ధ్రువీకరణ కాగితం రాయించి పెట్టండి" అని చెప్పారు.

లోపలికెళ్తే మా అత్త అప్పటికే జేజి రెప్పలు మూసి కాసేపు చేత్తో అదిమి పట్టుకుని ఉంది. తర్వాత పాత చీర అంచు చించి గడ్డం కింద నుంచి తల మీదికి కట్టింది. కాళ్లు చాపి, రెండు బొటనవేళ్లూ కలిపి కట్టింది. ఏడుస్తూనే ఉంది. చేతులు మాత్రం ఆగలేదు.

"ఇప్పుడే ఎందుకత్తా?" అంటే, "ఇప్పుడు గాకుంటే ఇంగ వంగదు నాయనా" అంది.

కండరం బిగుసుకోవాలన్నా, బిగిసింది వదులు కావాలన్నా శక్తి కావాలి. కణంలో ఆ శక్తిని మోసే పదార్థం ఏటీపీ. ఊపిరి ఆగాక కొత్త ఏటీపీ తయారు కాదు. ఉన్నది అయిపోగానే కండరంలోని పోగులు ఒకదానికొకటి పట్టుకుని అలాగే ఉండిపోతాయి. కనురెప్పలు, దవడ, మెడ దగ్గర రెండు మూడు గంటల్లో ఇది తెలుస్తుంది. పన్నెండు గంటలకల్లా ఒళ్లంతా కొయ్యబారుతుంది. తర్వాత ఒకటి రెండు రోజుల్లో మళ్లీ వదులవుతుంది. ఎండలకి ఇదంతా ఇంకా త్వరగా జరుగుతుంది. మా అత్తకి ఏటీపీ పేరు తెలీదు. దాని టైము తెలుసు.

చల్లటి దేశాల్లో పోయిన మనిషి ఒళ్లు గంటగంటకీ చల్లబడుతుంది. దాన్ని బట్టి ఎప్పుడు పోయారో లెక్కకడతారు. మా దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నం గాలే ఒంటికన్నా వేడిగా ఉంటుంది. ఆ లెక్క ఇక్కడ పారదు. 'సాయంత్రం లోపల ఎత్తాల' అని పెద్దలు తొందర పడేది ఆచారం ఒక్కటే కాదు, ఈ నేల మీద ఎండ పెట్టిన రూలు కూడా.

మండలంలో ఉండే డాక్టరొచ్చాడు. నాడి పట్టాడు, స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నాడు, రెప్పలెత్తి టార్చి వేశాడు. జేజి నల్లగుడ్డు కదల్లేదు. కాగితం రాసి నా చేతిలో పెట్టాడు. ఏడూ పావు.

'వచ్చే జన్మలో గుడ్డిదైతే?'

అసలు గొడవ అప్పుడు మొదలైంది.

సంతకం ఇంటివాళ్లు పెట్టాలి. పోయినవాళ్లు ముందుగా కార్డు రాసిచ్చినా, రాయకపోయినా చివరి మాట ఇంట్లో వాళ్లదే. మా నాయన సరేనన్నాడు, కానీ వాళ్లన్న మాట దాటడు. పెద్దనాయన అరుగు మీద కూర్చుని ఒకటే మాట. "కండ్లు తీసేసి పంపిస్తే వచ్చే జన్మలో గుడ్డిదై పుడతాది. నా తల్లికి నేనట్ల చేయలేను."

నాకు తెలిసిన సైన్సంతా చెప్పాను. ఆయన వినలేదు. వినే స్థితిలో లేడు. తల్లి పోయిన మనిషికి కార్నియా గురించి పాఠం చెప్పడం ఎంత తెలివితక్కువ పనో నాకు తర్వాత అర్థమైంది.

మావాళ్లు కాల్చరు, సొంత చేన్లోనే పూడుస్తారు. మా అత్త గుమ్మంలో నిలబడి, "అన్నా, సాయంత్రానికి మన్ను తినేదే గదా. అది తినేది మనిషికిస్తే తప్పేముంది? ఆయమ్మే అడిగింది" అంది. పెద్దనాయన లేచి కల్లం దిక్కు వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి ఎనిమిదిన్నర.

"మొగం పాడు గాకూడదు."

"కాదు పెద్దనాయనా."

"చూసేవాళ్లకు తెలియగూడదు."

"తెలియదు."

సంతకం పెట్టాడు. చెయ్యి వణికింది.

టౌన్ నుంచి ఇద్దరొచ్చారు. తొమ్మిదీ నలభై. జేజికి దండం పెట్టి, తలుపు దగ్గరికేశారు. పరీక్షల కోసం కొంచెం రక్తం తీసుకున్నారు. ఇరవై నిమిషాల్లో పని ముగిసింది. పెద్దనాయన ముందుగా లోపలికెళ్లి మొహం చూశాడు. జేజి నిద్రపోతున్నట్టే ఉంది. బయటికొచ్చి, వాళ్లిద్దర్నీ "కాఫీ తాగి పోండి" అన్నాడు. చావింట్లో ఏమీ తాగమన్నారు వాళ్లు. తప్పెట మోగుతుండగా వాళ్ల బండి వెళ్లిపోయింది.

దింపుడు కల్లం

'దింపుడు కల్లం ఆశ' అనే మాట మీరూ వాడే ఉంటారు. ఎన్నికల వార్తల్లో, ఐపీఎల్ చివరి ఓవర్లో తెగ వినిపిస్తుంది. అదేంటో నేను కళ్లారా చూసింది మాత్రం ఆ రోజే.

సాయంత్రం నాలుగు. ఇంటికీ చేనికీ మధ్య, దారిలో పాడె దించారు. తప్పెట ఆగింది. పెద్దనాయన వంగి జేజి చెవి దగ్గర నోరు పెట్టి, "అమ్మా" అని పిలిచాడు. కాసేపు ఆగాడు. మళ్లీ పిలిచాడు. మూడోసారి గొంతు రాలేదు, పెదాలే కదిలాయి. అందరం జేజి మొహమే చూస్తున్నాం. కాగితం రాసిన డాక్టర్ సంగతి తెలిసిన నేను కూడా. తర్వాత పాడె మళ్లీ లేచింది.

ఇది ఒట్టి ఆచారమా? స్టెతస్కోప్ పుట్టిందే 1816లో, ఫ్రాన్స్‌లో లెనెక్ అనే డాక్టర్ చేతిలో. అంతకుముందు మనిషి నిజంగా పోయాడో, స్పృహ తప్పాడో తేల్చుకోవడం అంత తేలిక కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జర్మనీలో ఈ భయంతోనే శవాల్ని కొన్నాళ్లు ఉంచి కనిపెట్టే గదులు కట్టారు. వేలికి కట్టిన తీగ కదిలితే కాపలావాడి దగ్గర గంట మోగాలి. మ్యూనిక్‌లో అలాంటి చోటు గురించి మార్క్ ట్వేన్ 1883లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. వాళ్లకి గంట, మనకి పిలుపు. ఆశ ఒకటే.

ఇప్పటి డాక్టర్లకీ ఒక దింపుడు కల్లం ఉంది. వెంటిలేటర్లు వచ్చాక చిక్కు మొదలైంది. మెదడు పూర్తిగా పోయినా మిషను ఊపిరి ఆడిస్తుంది, గుండె కొట్టుకుంటుంది. ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. మరి మనిషి ఉన్నట్టా, పోయినట్టా? 1959లో ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు ఈ స్థితిని వర్ణించారు. 1968లో హార్వర్డ్ కమిటీ దీనికి కొలతలు రాసింది. మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం బ్రెయిన్ డెత్‌ని చావుగా ఒప్పుకుంది.

నలుగురు డాక్టర్లు చూడాలి. కంట్లోకి టార్చి వేస్తారు. కార్నియాని దూదితో తాకుతారు. చెవిలో ఐసు నీళ్లు పోసి కళ్లు కదులుతాయేమో చూస్తారు. మిషను ఆడించే ఊపిరి ఆపి, సొంతంగా ఒక్క ఊపిరైనా తీస్తారేమో కనిపెడతారు. ఇదంతా ఒకసారి కాదు. కనీసం ఆరు గంటలు ఆగి, మళ్లీ మొదట్నుంచి చేస్తారు. చెవిలో పిలిచి, ఆగి, మళ్లీ పిలిచినట్టే. పోయాక గుండె, కాలేయం, కిడ్నీలు దానం ఇవ్వడానికి ముఖ్యమైన దారి ఇదే, ఐసీయూలో బ్రెయిన్ డెత్ తేలాక. కళ్లు మాత్రం మా జేజి లాగా ఇంట్లో, మంచం మీద పోయినవాళ్లు కూడా ఇవ్వొచ్చు.

ఇంకో సంగతి. 2020లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్లు, చివరి గంటల్లో స్పృహ లేకుండా ఉన్న కొందరు రోగుల మెదడు తరంగాలు చూశారు. పిలిచినా పలకని ఆ స్థితిలో కూడా కొందరి మెదళ్లు శబ్దాలకు స్పందించాయి. అర్థమయ్యాయో లేదో చెప్పలేం. కానీ మీ ఇంట్లో అలాంటి రోజొస్తే, పాడె దించేదాకా ఆగకండి. ముందే చెవి దగ్గర మాట్లాడండి. ముందు రోజు రాత్రి జేజి పక్కన కూర్చుని నేను రెండు గంటలు ఫోన్ చూసుకున్నా. ఆ రెండు గంటలు ఇప్పటికీ గుచ్చుకుంటాయి.

రాళ్లకు కంతలు ఎందుకు?

జేజిని మా చేన్లోనే, జేజినాయన పక్కన పెట్టాం. మూడో రోజు పాలు పోశాం. పెద్దదినం దాకా రోజూ ఆ దారినే నడిచాను.

మా దిక్కున ఇలా నడవడం చాలా పాత సంగతి. కళ్యాణదుర్గం దగ్గర ముదిగల్లులో పెద్ద పెద్ద బండ పలకలు నిలబెట్టి, పైన ఇంకో పలక మూత వేసిన సమాధులున్నాయి. ఇనుప యుగం నాటివి. తెలుగు నేల మీద ఇలాంటివాటిని 'రాక్షస గుళ్లు' అనో, 'పాండవుల గుళ్లు' అనో పిలుస్తారు. దక్షిణాదిలో ఇలాంటి సమాధులు చాలావాటికి ఒక పలకలో గుండ్రటి కంత ఉంటుంది. చాలాచోట్ల లోపల దొరికేది మొత్తం శవం కాదు, తర్వాత ఏరి తెచ్చి పెట్టిన ఎముకలు. పక్కన కుండలు, ఇనుప సామాను.

అంటే ఆ కాలం వాళ్లకి కూడా చావు ఒక్క రోజు పని కాదు. మొదట ఒళ్లు, తర్వాత ఎముకలు, ఆ తర్వాత రాళ్లు. మనం మూడో రోజు, పదకొండో రోజు, ఏడాది మాసికం అని విడదీసుకున్నట్టే. శరీరం ఒకేసారి చావదు. ఇంట్లో వాళ్ల మనసు దాన్ని ఒకేసారి ఒప్పుకోదు. రెండూ మెల్లగానే జరుగుతాయి.

మర్రి చచ్చేదెప్పుడు?

పెద్దదినం అయ్యాక మా అత్తని కదిరిలో వాళ్లింట్లో దించడానికి వెళ్లాను. "ఇంత దూరమొచ్చినావు, మాను చూసి పోదాం" అంది. మాను అంటే తిమ్మమ్మ మర్రిమాను. కదిరి దగ్గర గూటిబయలులో ఉంది. 2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా, మాకు మాత్రం ఇంకా అనంతపురమే.

ఒకే చెట్టు, దాదాపు ఐదెకరాలు. 1989లో గిన్నిస్ బుక్‌లో ఎక్కింది. వందల ఊడలు దిగి, ప్రతి ఊడా ఒక బోదె అయిపోయింది. స్థల కథ ప్రకారం 1434లో తిమ్మమ్మ అనే ఆమె భర్త చితిలో సహగమనం చేసింది, ఆ చితికి నాటిన గుంజల్లో ఒకటి చిగురించి ఈ మాను అయింది. చెట్టు కింద ఆమెకి గుడి ఉంది. పిల్లల కోసం మొక్కుకునే జంటలు వస్తారు.

నేనూ దండం పెట్టా, చెట్టుకి. కథ మాత్రం గొంతులో అడ్డం పడింది. ఆరు గంటలు లెక్కపెట్టుకుంటూ జేజి చివరి కోరిక కోసం పరిగెత్తినవాణ్ణి నేను. నిప్పులోకి పోయిన ఆడమనిషి ఏం కోరుకుందో ఎవరడిగారు? 1829లో బెంటింక్ బెంగాల్‌లో సతిని నిషేధించాడు. 1987 చట్టం సతిని గొప్పగా చూపడాన్ని కూడా నేరం చేసింది. చావుని గౌరవించడం వేరు, చావుని గొప్ప చేయడం వేరు. మా అత్తతో అంటే, "నిజమే. ఆయమ్మ బతికుంటే నీడన కూర్చుని ఇంత బువ్వ తినుండు" అంది.

చెట్టు సంగతికొస్తే, మర్రికి చావు ఎక్కడుందో చెప్పడం కష్టం. కోల్‌కతా దగ్గర హౌరా బొటానికల్ గార్డెన్‌లో ఇంకో పెద్ద మర్రి ఉంది. తెగులు పట్టిందని 1925లో దాని అసలు బోదెనే తీసేశారు. వందేళ్లయింది. చెట్టు ఇంకా పెరుగుతూనే ఉంది, ఊడల మీద. మొదలు పోయింది, మాను పోలేదు.

మనిషికి ఊడలుండవు. కానీ ఆరు గంటలుంటాయి.

పెద్దనాయన ఫోన్

కొన్నాళ్లకి మాకొక ఫోనొచ్చింది. జేజి రెండు కార్నియాలూ పనికొచ్చాయి, ఇద్దరికి పెట్టాం అన్నారు. ఎవరికి అన్నది చెప్పరు, అడక్కూడదు. అది నియమం.

ఊరికెళ్లి పెద్దనాయనతో చెప్పాను. చాలాసేపు పలకలేదు. "ఏ ఊరోళ్లో గూడా చెప్పరా?" అన్నాడు. చెప్పరన్నా. "మగోళ్లో ఆడోళ్లో?" అదీ చెప్పరన్నా.

కాసేపాగి జేబులోంచి తన బటన్ ఫోన్ తీసి నా చేతికిచ్చాడు. "ఆ నంబరు దీంట్లో ఎక్కీ. నేను పోయినప్పుడు నువ్వు బెంగళూర్లో ఉంటే ఎట్ల?"

నంబరు ఎక్కించి, ఏ పేరుతో పెట్టమంటావని అడిగాను.

"అమ్మ కండ్లు అని పెట్టు" అన్నాడు.